పుంగనూరు దారిలో నేను మొలిపించిన కొండ

మదనపల్లెకు జీఐఎస్ అనే కంప్యూటరు మ్యాపుల విద్యను మొట్టమొదట తీసుకొచ్చింది నేనే. సరే, తీసుకొచ్చింది లారీ. బెంగళూరు నుంచి అట్టపెట్టెల్లో కంప్యూటర్లు వస్తే వాటిని దించింది నేను. సరే, దించింది హమాలీలు. "జాగ్రత్తప్పా, లోపల గాజు సామాన్లుంటాయి!" అని ఆఫీసు మెట్ల మీద నిలబడి గొంతు చించుకున్నది మాత్రం అచ్చంగా నేనే. ఆ మాత్రం కీర్తి నాకు వదిలేయండి.

మీరు ఇవాళ ఫోను మీద రెండు వేళ్లు పెట్టి ఏ కొండనైనా దగ్గరికి లాక్కుంటారు. మా కాలంలో కొండ కావాలంటే నడిచి పోవాలి, లేదా బీరువాలోంచి సర్వే మ్యాపు తీసి బల్ల మీద పరవాలి. మ్యాపులో కొండంటే చుట్టలు చుట్టుకున్న గీతలు. ఒక్కో గీత ఒక్కో ఎత్తు. ఆ గీతల్ని ట్రేసింగు కాగితం మీద సిరాతో దించే డ్రాఫ్ట్స్‌మన్‌గా నేను ఉద్యోగంలో చేరాను. మాది కొండవాలు పల్లెల్లో వాన నీటిని ఆపే ఆఫీసు. రాతి కట్టలు, చెక్‌డ్యాములు, సేద్యపు కుంటలు మా పని. నీళ్లు రావడం మాత్రం మా చేతిలో లేదు.

తొంభైల చివర, కొండ ప్రాంతాల అభివృద్ధికి కంప్యూటరు మ్యాపులు చేయడం నేర్పుతామని హిమాలయాల్లోని ఒక దేశం నుంచి పిలుపొచ్చింది. నా ప్రతిభ చూసి నన్ను పంపారని పెళ్లిళ్లలో పేరంటాల్లో ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చాను. అసలు సంగతేమిటంటే, వరసలో నా ముందున్న ఇంజనీరుకు చలి పడదు. నా వెనకాయనకు పాస్‌పోర్టు లేదు. నాకెందుకుందంటే, ఎప్పుడో కువైట్ పోదామనుకొని తీయించి, ధైర్యం చాలక బీరువాలో పెట్టుకున్నాను.

అక్కడ మాకు పాఠం చెప్పిన మేడమ్ పొట్టి మనిషి, నడక మాత్రం మేకపిల్ల నడక. "మీరు గీసిన ప్రతి కొత్త గీత దగ్గరికీ ఒకసారి నడిచి వెళ్లి చూడండి, ఆ తర్వాతే నమ్మండి" అని ఒక రోజంతా చెప్పిందట. చెప్పిందట అని ఎందుకంటున్నానంటే, ఆ రోజు నేను కిటికీలోంచి మంచుకొండ చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక మదనపల్లె ఆఫీసులో ఒక గది నాదైంది. పుంగనూరు నుంచి, కుప్పం నుంచి ఆఫీసు వాళ్లు వచ్చి నా దగ్గర ఈ విద్య నేర్చుకోవాలని ఆర్డరు. నేను ఉన్ని టోపీ పెట్టుకొని పాఠాలు చెప్పేవాణ్ణి. ఎండాకాలంలో కూడా. "సార్, చెమట కారతాండాది, టోపీ తీసేయండి" అంటే, "ఎత్తైన చోట్ల పని చేసినోళ్లకు అలవాటు" అనేవాణ్ణి.

ఆ గదిలో నాకు కుడిచెయ్యి కంప్యూటరు ఆపరేటరుగా చేరిన అమ్మాయి. రామసముద్రం వైపు పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారు, ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి నెల జీతం ఆమెది. పనిలో వేగం, మాటలో పొదుపు. ఎడమచెయ్యి కుప్పం నుంచి వచ్చిన సర్వేయరు. ఆయన నోట్లో తెలుగు, తమిళం, కన్నడం ఒకే బస్సులో ప్రయాణం చేసేవి, మూడింటికీ కలిపి ఒకే టికెట్టు. నన్ను ఆట పట్టించడానికే పుట్టాడని నా నమ్మకం.

ఆ ఏడు ఆయుధ పూజ వచ్చింది. కంప్యూటర్లకు, ప్రింటరుకు, ఆఖరికి స్టేప్లరుకు కూడా గంధం, కుంకుమ పెట్టారు. పళ్లెం నా చేతికిచ్చారు, పెద్దవాణ్ణి కదా. స్కానరు ముందుకొచ్చాను. అప్పటి మా స్కానరు తాంబూలం పళ్లెమంత. మూత ఎత్తితే లోపల అద్దం. అమ్మాయి మూత మీద బొట్టు పెట్టమంది.

"మూతకు పెడితే పూజ మూతకే అందుతుందమ్మా. పనిచేసేది లోపలి అద్దం కదా?" అన్నాను.

"అద్దానికొద్దు సార్, మరకైతాది."

"హిమాలయాల్లో ఏం చేస్తారో తెలుసా నీకు?" అన్నాను. హిమాలయాల్లో ఏం చేస్తారో నాకూ తెలియదు. అయినా మూత ఎత్తి, గంధంలో కలిపిన కుంకుమను ఉంగరం వేలితో అద్దం మీద అద్దాను. వేలు కొంచెం జారి బొట్టుకు చిన్న తోక వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, మరమరాలు తిన్నాం. బొట్టు అద్దానికి అతుక్కుని ఎండిపోయింది. మరుసటి రోజు గది ఊడ్చడానికొచ్చిన ఆమె మూత తీసి చూసి, పెట్టిన బొట్టు తుడిస్తే అరిష్టమని కళ్లకద్దుకొని మూసేసింది. రోజూ మూత ఎత్తే మాకు కూడా, చూసి చూసి, ఆ బొట్టు గోడ మీది దేవుడి పటంలా కంటికి ఆనడం మానేసింది.

ఆ తర్వాతి నెలల్లోనే మేము గుర్రంకొండ నుంచి కుప్పం దాకా సర్వే మ్యాపులన్నీ స్కాను చేశాం. చిన్న స్కానరు కాబట్టి మ్యాపును ముక్కలు ముక్కలుగా తీసి కంప్యూటరులో అతికించేవాళ్లం. కంప్యూటరులో చోటు చాలక నలుపు తెలుపులోనే తీసేవాళ్లం. ఆ గీతల్ని కంప్యూటరు తనంతట తనే గుర్తుపట్టి చుట్టలు చేస్తుంది. ఒక్కో చుట్టకు ఎత్తు ఎంతో మేము చెప్పాలి.

ఒకరోజు అమ్మాయి అడిగింది. "సార్, ఈడ ఒక చిన్న చుట్ట ఉండాది. పక్కన అంకె లేదు. ఎత్తు ఎంత ఇయ్యాల?"

నేను టీ తాగుతున్నాను. "చుట్టూ ఉన్న గీత కంటే ఒక మెట్టు ఎక్కువ వెయ్యమ్మా. చిన్న గుట్టై ఉంటుంది."

"ఇట్లాంటివి శానా ఉండాయి సార్."

"అన్నిటికీ వెయ్యి."

ముక్కలన్నీ అతికించాక తెర మీద నేను చూసిన దృశ్యం చెబుతాను వినండి. గుర్రంకొండ దగ్గర మొదలై మదనపల్లె పక్కగా, పుంగనూరు, చౌడేపల్లె మీదుగా కుప్పం దాకా చిన్న గుట్టలు! వరసగా, సమాన దూరంలో, పెరేడుకు నిలబడిన పోలీసుల్లా. అన్నీ ఒకే సైజు. అన్నిటికీ ఒకే వైపు చిన్న తోక. ఇన్నేళ్లు ఈ నేల మీద తిరిగినవాడెవడూ కనిపెట్టని కొండల వరుస నా గదిలో నా కంటికి కనిపించింది.

బుద్ధి ఉన్నవాడు ఆ వరుసను చూసి అనుమానపడతాడు. నేను సిద్ధాంతం తయారు చేశాను. ఇది తూర్పు కనుమల తోక అన్నాను. ఆ ఒకవైపు తోకలు యుగాలుగా వీచిన గాలి కోత అన్నాను. నల్లబోర్డు మీద బాణం గుర్తులతో గాలి గీసి చూపించాను. ఆ వరుసకు మనసులో నా ఇంటిపేరు కూడా పెట్టుకున్నాను.

కుప్పం సర్వేయరు తెర దగ్గరకొచ్చి తల గోక్కున్నాడు. "సారూ, మా ఊరి కాడ నువ్వు కొండ పెట్టిన చోట మా మామ పట్టుపురుగుల షెడ్డు ఉండాది. నిన్ననే ఆడ కాఫీ తాగొచ్చినా. కొండ కనబడలేదే?"

"చిన్న గుట్ట. నీ కంటికి ఆని ఉండదు."

"అంతే సారూ. కాఫీ మింద ధ్యాస ఉండె" అని చేతులు కట్టుకున్నాడు. ఆ వినయం చూసైనా నేను మేలుకోవలసింది.

రెండు వేలు దాటిన కొత్తలో, మా పని ఎలా సాగుతోందో చూడటానికి మేడమ్ మదనపల్లె వచ్చింది. మొదటి రోజు అందరం కలిసి ఫోటో దిగాం. తర్వాత గొప్పగా హార్సిలీ కొండకు తీసుకెళ్లాను. పైన నిలబడి నాలుగు వైపులా చూసి, "చాలా బాగుంది. అసలు కొండ ఎక్కడుంది?" అని అడిగింది. ఆమె ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగింది. అదే నన్ను పొడిచింది. ఆఫీసుకు రాగానే ఆవేశంగా కంప్యూటరు తెరిచి నా కొండల వరుస చూపించాను. తూర్పు కనుమల తోక, గాలి కోత, అన్నీ చెప్పాను. మా అధికారి పక్కన నిలబడి గర్వంగా తల నిమురుకున్నారు. అంతకు ముందు వారమే తిరుమలలో మొక్కు తీర్చుకున్నారు కాబట్టి నిమరడానికి తల తప్ప ఏమీ లేదు.

మేడమ్ చాలాసేపు చూసింది. "ఇంత సమంగా ఉన్నాయా? చాలా విచిత్రం. రేపు ఒకదాన్ని చూద్దాం" అంది.

మరుసటి రోజు జీపులో పుంగనూరు దాటి చౌడేపల్లె వైపు బయల్దేరాం. నా చేతిలో జీపీఎస్ పరికరం, నెత్తిన ఉన్ని టోపీ. పరికరం చూపిన దారిన జీపు దిగి గట్ల మీద నడిచాం. "ఇక్కడే" అని పరికరం కూసింది. తలెత్తి చూశాను.

శెనక్కాయ చేను. చదునుగా, చాప పరచినట్టు. నడుమ ఒక ఆవు.

ఆవు పక్కన నిలబడ్డ రైతు తలగుడ్డ విప్పుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూడగానే ఆయన ముఖం వెలిగింది. ఎందుకంటే ఆ చేనులో సేద్యపు కుంట తవ్వించమని మా ఆఫీసు చుట్టూ తిరుగుతున్న మనిషి ఆయన. ఎగువ నుంచి వచ్చే వాన నీళ్లు ఆ చేను మీదుగా పారి వంకలో పడి పోతాయి. కుంట ఉంటే ఒక తడికైనా నిలబడతాయని ఆయన ఆశ. మంజూరు కాగితం మా అధికారి బల్ల మీదికి వచ్చి ఉంది, సంతకమే తరువాయి.

"కుంటకు కొలత వేసేకి వస్తిరా సార్? రాండి, రాండి. ఎండలో యాల నిలబడతారు?"

"ఇక్కడ కొండ ఉండాలే?" అన్నారు మా అధికారి.

రైతు ఆవును చూశాడు, నన్ను చూశాడు. "కొండా? ఈడ యాడ కొండప్పా? మా తాత కాలం నుంచి శెనక్కాయే పెడతాండాము."

మేడమ్ నా వైపు తిరిగింది. అధికారి నా వైపు తిరిగారు. ఆవు కూడా తిరిగిందనే నా జ్ఞాపకం. ఆ క్షణంలో "నాకు తెలియదు" అనే రెండు మాటలు అనడానికి నా నోరు తిరగలేదు. ఏం తిరిగిందో వినండి.

"కొట్టేసి ఉంటారు సార్. గ్రానైటు కోసం. ఈ వైపంతా క్వారీలు కదా. మ్యాపు పాతది. అప్పుడు కొండ ఉంది, ఇప్పుడు లేదు."

మేడమ్ ముఖం వాడిపోయింది. కొండలంటే ప్రాణం ఆమెకు. అధికారి ముఖం ఎర్రబడింది. "గవర్నమెంటు కొండను చదును చేసి చేను చేసుకున్నారా?" అని రైతు మీదికి లేచారు.

"నేనా? కొండనా?" అన్నాడు రైతు. "అయ్యా, నేను గట్టు మీది రాయి ఎత్తాలంటేనే ముగ్గుర్ని పిలస్తాను. కొండను ఎత్తి యాడ పెట్టుకునేది సామీ?"

"విచారణలో చెప్పు. అంతదాకా కుంట పని ఆపండి."

వెనక్కి వచ్చేటప్పుడు జీపులో కుప్పం సర్వేయరు నా చెవిలో అన్నాడు. "సారూ, మా మామ షెడ్డు కింద కొండ యాడికి పోయిందో కూడా ఇప్పుడే చెప్పెయ్. పోలీసోళ్లు వచ్చేలోపల ఆయన్ను మద్రాసు బస్సెక్కిస్తా."

నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం అధికారి మాయమైన కొండ మీద విచారణ కోరుతూ పై ఆఫీసుకు ఉత్తరం టైపు చేయించారు. ఉదయం మేడమ్ పర్యటన ముగింపు సభ ఉంది, అదయ్యాక సంతకం పెడతానన్నారు.

సభ రోజు వచ్చింది. నేను ఆఫీసుకు వచ్చేసరికి మెట్ల మీద రైతు కూర్చొని ఉన్నాడు. ఉతికిన పంచె, ఇస్త్రీ లేని చొక్కా. మొదటి బస్సుకే వచ్చాడట. "ఊర్లో నాకు కొండ మింగినోడని పేరు పెట్టేసినార్ సార్. నవ్వుకుంటే నవ్వుకోనీ. కుంట మాత్రం ఆపొద్దని సెప్పండప్పా. ఈ వాన కూడా వంకలో పోయిందంటే ఆవును అమ్ముకోవాల్సిందే" అన్నాడు. ఆయన కళ్లలోకి చూడలేక నా టోపీ సర్దుకుంటూ లోపలికి పోయాను.

గదిలో అమ్మాయి పెద్ద సైజులో కడిగించిన గ్రూపు ఫోటోను నలుపు తెలుపులో స్కాను చేస్తోంది, నా దగ్గర నేర్చుకున్నవాళ్లకిచ్చే సర్టిఫికెట్ల మీద అచ్చేయడానికి. తెర మీద బొమ్మ వచ్చింది. మేడమ్, మేమందరం, నడుమ మా అధికారి. ఆయన నున్నటి గుండు మీద నల్లటి బొడిపె.

"ఈగ వాలిందేమో" అన్నాను.

మళ్లీ స్కాను చేసింది. ఈగ కదల్లేదు. అమ్మాయి దాన్ని పెద్దది చేసి చూపింది. గుండ్రంగా ఉంది. ఒక పక్కకు చిన్న తోక.

"సార్," అంది నెమ్మదిగా, "ఈ గుట్టను యాడో సూసినట్టుండాది."

ఇద్దరం స్కానరు మూత ఎత్తాం. అద్దం మీద నా ఉంగరం వేలి బొట్టు ఎర్రగా, మంగళకరంగా, ఎండి అతుక్కుని ఉంది. ప్రతి ముక్కతో పాటు దాన్నీ స్కాను చేశాం. ప్రతి ముక్కకూ ఒక కొండ. సమాన దూరమెందుకో తెలిసింది. ఒకే సైజెందుకో తెలిసింది. యుగాల గాలి కోత నా వేలి జారుడని కూడా తెలిసింది.

"తుడిచెయ్యమ్మా" అన్నాను.

"బొట్టు నేను తుడవను సార్. మీరు పెట్టింది మీరే తుడవండి."

చేతిరుమాలు తడిపి ఒక్కసారి తుడిచాను. గుర్రంకొండ నుంచి కుప్పం దాకా ఉన్న తూర్పు కనుమల తోక రుమాల్లోకి వచ్చేసింది.

ఇక్కడ నేను వెంటనే సభలోకి దూసుకుపోయి సత్యం పలికానని చెప్పాలని ఉంది. కొన్నాళ్లు అలాగే చెప్పాను కూడా. నిజానికి నేను మొదట అన్నది, "ఆ కొండల్ని కంప్యూటరులోంచి చప్పుడు కాకుండా తీసేద్దామా?" అని.

అమ్మాయి కిటికీలోంచి మెట్ల వైపు చూసింది. "కంప్యూటరులో తీసేస్తే పోతాది సార్. ఆయప్ప మీద పెట్టిన కొండను ఎవురు తీసేది?" అంది.

అప్పుడు లేచాను. సభలో నా వంతు వచ్చినప్పుడు మాట్లాడటానికి హిమాలయాల మీద పెద్ద ప్రసంగం రాసుకొని ఉన్నాను. దాన్ని జేబులో పెట్టి, ఎర్రటి రుమాలు బయటికి తీశాను. ఆయుధ పూజ నుంచి క్వారీ దాకా మొత్తం చెప్పాను. కొండ ఎప్పుడూ లేదు, ఎవరూ కొట్టలేదు, దాన్ని పెట్టిందీ నేనే, కొట్టించిందీ నేనే అన్నాను. ఋజువుగా తెర మీద ఫోటో వేయించాను. అధికారి తన తల తడుముకున్నారు.

నా ఉద్యోగం కూడా ఆ రుమాల్లోకే వచ్చేసిందనుకున్నాను. మొదట నవ్వింది మేడమ్. కుర్చీ పట్టుకొని, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆమె నవ్వాక అధికారికీ నవ్వక తప్పలేదు, అతిథి కదా. ఆయన ఉత్తరం చింపి కుంట కాగితం మీద అక్కడే సంతకం పెట్టారు. నన్ను మాత్రం ఆరు నెలలు పలకరించలేదు. కుప్పం సర్వేయరు లేచి, "మా మామకు ఫోన్ చేసొస్తా సారూ, కొండ దిగిందని" అన్నాడు.

మేడమ్ వెళ్లేటప్పుడు నాతో, "నేను ఒక రోజంతా చెప్పిన పాఠాన్ని మీరు ఒక బొట్టుతో చెప్పారు. మా దగ్గర ప్రతి బ్యాచ్‌కూ ఇదే మొదట చెబుతాను" అంది. కాబట్టి హిమాలయాల దాకా నా పేరు పాకింది. సరే, పేరు కాదు. 'మదనపల్లెలో ఒకాయన' అంటారట.

సభ అయ్యాక మెట్ల మీదికి పోయి రైతు పక్కన కూర్చున్నాను. టోపీ తీసి చేతిలో పెట్టుకొని జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన నా ఉంగరం వేలి కేసి చూశాడు.

"అంటే సార్, నువ్వు వేలితో అద్దితే ఆడ కొండ లేసిందంటావు."

"మ్యాపులో."

"మ్యాపులోనే కదా మీ ఆఫీసోళ్లు సూసేది. ఒక వేలు అద్ది కొండ పెట్టినోడివి, ఆ పక్క వేలు అద్ది ఒక కుంట పెట్టప్పా."

"సంతకం అయిపోయింది" అన్నాను. ఆయన నమ్మలేదు. నా మాట మీద ఆయనకు ఆపాటికే ఒక అభిప్రాయం ఏర్పడింది. లోపలికి పోయి అమ్మాయిని అడిగి, రూఢి చేసుకొని, అప్పుడు బస్సెక్కాడు.

కుంట తవ్వారు. ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. పడిన మర్నాడు అమ్మాయి మ్యాపు తెరిచి, కొండ ఉండిన చోట నీలం రంగు పెట్టబోయి ఆగింది. "సూసొచ్చినాకే పెడతా సార్" అంది. నేను బస్సెక్కి పోయాను, టోపీ లేకుండా. రైతు గట్టు మీద ఆవును పట్టుకొని నిలబడి ఉన్నాడు. "దిగి సూడు సార్, మళ్లీ లేదంటావేమో" అన్నాడు. ప్యాంటు మడిచి దిగాను.

ఏనుగు మునిగేంత నీళ్లు! సరే, దూడ. సరే, మోకాలి దాకా. నా మోకాలే. తిరుగు బస్సులో మదనపల్లె దాకా తడి ప్యాంటుతో నిలబడే వచ్చాను. సీట్లున్నాయి, కండక్టరు కూర్చోనివ్వలేదు.